కొలిచిన అంకె, వేసిన అంకె

హైదరాబాద్

చిన్నీ,

ఢిల్లీలో ఇంధన, వాతావరణ విధానాల మీద పరిశోధన చేసే సంస్థలో డేటా అనలిస్టుగా చేరుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం. నీ బెంగ కూడా చెప్పాడు. స్టాటిస్టిక్స్ వచ్చు, పైథాన్ వచ్చు, కరెంటు గురించి మాత్రం ఏమీ రాదన్నావట. రిటైరయ్యే దాకా కరెంటు పంపిణీ సంస్థలో, అంటే డిస్కంలో, ఎనర్జీ ఆడిట్ చూసినదాన్ని కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను. పుస్తకాల జాబితా మీ ఆఫీసువాళ్లే ఇస్తారు, దాని జోలికి పోను.

ముందు తేలికైనది తేల్చేద్దాం. మెగావాట్లు వేరు, యూనిట్లు వేరు. 1,000 మెగావాట్ల బొగ్గు ప్లాంటు రోజంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే 2.4 కోట్ల యూనిట్లు వస్తాయి. పాణ్యం దగ్గరున్న కర్నూలు సోలార్ పార్కు కూడా 1,000 మెగావాట్లే, కానీ దానికి రాత్రి ఉంది, మబ్బు ఉంది. సగటున రోజుకు 50, 60 లక్షల యూనిట్లు వస్తే బాగా వచ్చినట్టే. దేశం మొత్తం స్థాపిత సామర్థ్యంలో శిలాజేతర ఇంధనాల వాటా 50 శాతం దాటిందని 2025 మధ్యలో కేంద్రం ప్రకటించింది. 2030కి పెట్టుకున్న లక్ష్యం అయిదేళ్ల ముందే అందింది, అది చిన్న సంగతేం కాదు. అయితే సామర్థ్యం పక్కన పెట్టి ఉత్పత్తి లెక్క తీస్తే పదింట ఏడు వంతుల చుట్టూ ఇంకా బొగ్గుదే. రెండూ నిజమే. నీ రిపోర్టులో ఏది రాస్తున్నావో నీకు తెలిసి రాయి. మిలియన్ యూనిట్లను కోట్లలోకి మార్చడం, ఏప్రిల్-మార్చి సంవత్సరాన్ని జనవరి-డిసెంబరుతో కలపకపోవడం, బూడిద ఎక్కువుండే మన బొగ్గు టన్నునూ దిగుమతి బొగ్గు టన్నునూ ఒకటిగా చూడకపోవడం, ఇవన్నీ నెల తిరిగేసరికి నీకే అలవాటవుతాయి.

గట్టిగా చెప్పాల్సింది వేరే ఉంది. ఏ అంకె చేతికొచ్చినా, అది మీటరు చూసి రాసిందా, కూర్చుని అంచనా వేసిందా అని అడుగు. మన రంగంలో ఈ రెండు రకాల అంకెలూ ఒకే పట్టికలో, పక్కపక్క గళ్లలో, రెండేసి దశాంశాలతో దర్జాగా కూర్చుంటాయి. చూస్తే తేడా తెలీదు.

వ్యవసాయ కరెంటే తీసుకో. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి నలభై లక్షలకు పైగా పంపుసెట్లున్నాయి. 2004 మేలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పెట్టారు. అంతకు ముందు కూడా మోటారు హార్స్‌పవర్ని బట్టి ఇంత అని కట్టేవారు కాబట్టి దాదాపు ఎవరికీ మీటర్లు లేవు. ఉచితమయ్యాక మీటరు ఊసే లేదు. మరి డిస్కంలు ఏటా వ్యవసాయానికి ఇన్ని మిలియన్ యూనిట్లని ఎలా రాస్తాయి? కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లను శాంపిల్‌గా ఎంచి, వాటికి మీటర్లు బిగించి, ఆ రీడింగుల సగటుతో మొత్తానికి లెక్క కడతాయి. దీన్ని ఐఎస్ఐ పద్ధతి అంటారు. నువ్వు చదివిన స్టాటిస్టిక్స్‌కు పెద్దిల్లు లాంటి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటే ఆ ఐఎస్ఐ. కాగితం మీద వంక పెట్టడానికేమీ లేదు.

ఇక చేలోకి పోదాం. వేరుశనగ చేను గట్టున రెండు స్తంభాల మధ్య ట్రాన్స్‌ఫార్మర్, దాని కింద రేకు డబ్బా. తలుపుకు చుట్టిన బైండింగు వైరు విప్పి చూస్తే మీటరు మీద అంకెలే ఉండవు, వైరు ఒకటి ఊడి వేలాడుతుంటుంది. లైన్‌మన్‌ని అడిగితే, "అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే వేరేది ఎక్కించాం మేడమ్, మీటరు సంగతి ఎవరు చూశారు" అంటాడు. అతణ్ని అనడానికీ లేదు. పంట ఎండిపోతుంటే రైతులు మీద పడి అడిగేది కరెంటు కోసం, రీడింగు కోసం కాదు. ఇలాంటివన్నీ తీసేస్తే శాంపిల్ సగానికి సగం పోవచ్చు. మిగిలేవి కూడా చాలావరకు రోడ్డు పక్కవి, సబ్‌స్టేషన్‌కు దగ్గరివి, అంటే మనిషి సులువుగా వెళ్లి చూడగలిగినవి. వాటి సగటును ఊరవతల చివరి ట్రాన్స్‌ఫార్మర్‌కు అంటగడితే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

అసలు మెలిక ఇంకా ఉంది. డిస్కంలోకి వచ్చిన కరెంటుకు మీటరుంది. ఇళ్లకు, దుకాణాలకు, ఫ్యాక్టరీలకు బిల్లు వేసిన యూనిట్లకూ మీటరుంది. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది వ్యవసాయమూ నష్టాలూ కలిసిన ముద్ద. ఆ ముద్దలో వ్యవసాయం వాటా పెంచి చూపిస్తే నష్టాల శాతం దానంతటదే తగ్గుతుంది, సబ్సిడీ అడగడానికీ వీలవుతుంది. తగ్గించి చూపిస్తే లైన్లలో పోయిందీ, దొంగ కనెక్షన్లకు పోయిందీ బయటపడుతుంది. అందుకే ఈ ఒక్క అంకె మీద విద్యుత్ నియంత్రణ మండలి ముందు ఏళ్ల తరబడి వాదనలు నడుస్తున్నాయి. రేపు నువ్వు పీఎం కుసుమ్ పథకం కింద వ్యవసాయ ఫీడర్లకు (సబ్‌స్టేషన్ నుంచి పొలాలకు వెళ్లే లైన్లకు) ఎన్ని మెగావాట్ల సౌర ప్లాంట్లు కావాలో లెక్క కడతావు. పంపుసెట్ల వల్ల ఎంత కార్బన్ డయాక్సైడ్ వస్తుందో తేల్చడానికి ఆ యూనిట్లను యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున గుణిస్తావు. ఆ 0.7 కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా లెక్కగట్టి ఇచ్చేది, దాన్ని నమ్మవచ్చు. దానితో గుణించిన యూనిట్లే వేసిన అంకె. వ్యవసాయానికి విడిగా ఫీడరున్న చోట ఫీడరు మీటరు రీడింగు తెప్పించుకుని పక్కన పెట్టి చూడు. దొరకదంటారు, అయినా అడుగు.

రైతులు ఎందుకు మీటరు వద్దంటారో కూడా తెలుసుకో. 2020లో శ్రీకాకుళం జిల్లాలో పంపుసెట్లకు ప్రయోగాత్మకంగా మీటర్లు పెట్టారు. ఇవాళ మీటరంటే రేపు బిల్లని వాళ్ల అనుమానం. అది అవగాహన లేకపోవడం అని ఒక్క ముక్కలో తేల్చేసే రిపోర్టులంటే నాకు ఒళ్లు మంట. కరెంటు చార్జీలు తగ్గించమని వచ్చినవాళ్ల మీద 2000 ఆగస్టు 28న హైదరాబాద్‌లోని బషీర్‌బాగ్‌లో తుపాకులు పేలాయి. ఆ సంగతి తెలియకుండా ఈ రెండు రాష్ట్రాల కరెంటు మీద ఏమీ రాయకు.

మన రాష్ట్రాల అంకెలతో పనిచేసేటప్పుడు ఇంకో గొయ్యి ఉంది. 2014 జూన్ 2కు ముందూ వెనకా ఉన్న లెక్కల్ని ఒకే గీతతో కలపకు. అనంతపురం, కర్నూలు జిల్లాలు అంతవరకూ హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఏపీసీపీడీసీఎల్ అనే డిస్కం కింద ఉండేవి. రాష్ట్ర విభజనతో తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్పీడీసీఎల్‌లోకి వెళ్లాయి. ఎస్పీడీసీఎల్ అమ్మకాలు ఒక్కసారిగా ఎగిశాయంటే కొత్త ఫ్యాక్టరీలు వచ్చి కాదు. 2020లో కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలను మళ్లీ ఎస్పీడీసీఎల్ నుంచి తీసి విజయవాడ కేంద్రంగా కొత్త డిస్కం పెట్టారు. దాని పేరేమిటనుకున్నావ్? ఏపీసీపీడీసీఎల్! పేరును బట్టి పట్టికలు కలిపే ప్రోగ్రాం రాశావంటే హైదరాబాద్ కరెంటు కాస్తా విజయవాడలో తేలుతుంది, గ్రాఫు మాత్రం ముచ్చటగా వస్తుంది.

రోజువారీ వాడకం గీత చూసేటప్పుడూ అంతే. రోజును పావుగంట చొప్పున 96 ముక్కలు చేసి చూస్తారు. మధ్యాహ్నం వాడకం పెరిగిందని కనపడగానే ఏసీలు పెరిగాయని రాసెయ్యకు. ఆంధ్రాలో వ్యవసాయానికి తొమ్మిది గంటల కరెంటును పగటిపూటకు మార్చారు. ఒకప్పుడు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని మోటారు వెయ్యడానికి పోయిన రైతు ఇప్పుడు పగలు పోతున్నాడు. గీతలో కనపడే గుట్టలో అతనూ ఉన్నాడు.

పుస్తకాలు చెప్పనన్నాను గానీ ఒక్క పేరు చెప్పకుండా ఉండలేను. బెంగళూరు ఐఐఎస్‌సీలో పనిచేసిన అమూల్య రెడ్డి గారిది. ఆయన బృందం 1970ల్లో కర్ణాటక పల్లెల్లో ఇంధనం లెక్క తీస్తూ బొగ్గూ కరెంటూ మాత్రమే కాదు, కట్టెల కోసం, నీళ్ల కోసం ఆడవాళ్లూ పిల్లలూ పడే శ్రమను కూడా కొలిచింది. 1990 ప్రాంతంలో అధికారులు కర్ణాటకకు వేసిన దీర్ఘకాలిక విద్యుత్ ప్రణాళికకు ప్రత్యామ్నాయంగా డిఫెండస్ అనే లెక్క కట్టారు. ఎవరికి ఏ పనికి కరెంటు కావాలి, అదే పని తక్కువ కరెంటుతో అవుతుందా అన్న దగ్గర మొదలెడితే, కావాల్సిన కరెంటు సర్కారు అంచనా కన్నా చాలా తక్కువని తేలింది. అదీ వేసిన అంకే. కాకపోతే ఎలా వేశారో అడుగడుగునా రాసిపెట్టారు, కాదనేవాళ్లు ఏ మెట్టు దగ్గర కాదంటున్నారో చెప్పక తప్పదు. నాకు నచ్చింది అదే.

ఆఫీసు సంగతి రెండు ముక్కల్లో. "అటూ ఇటూ వద్దు, ఒక్క అంకె చెప్పండి" అని నిన్ను తొందరపెడతారు. ఇంత నుంచి ఇంత అని చెప్పు, ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పు. అప్పటికీ ఒక్కటే కావాలంటే ఆ ఒక్కటీ ఇచ్చి, అంచనా అన్న మాట దాని పక్కనే పెట్టు, అడుగున ఫుట్‌నోట్‌లో కాదు. ప్రభుత్వ సైట్ల నుంచి దించుకున్న ప్రతి ఫైలునూ దించిన తేదీతో దాచుకో, తాత్కాలికం అన్న అంకెలు తర్వాత మారతాయి, పాత ఫైలు మళ్లీ దొరకదు. జీతం గురించి మీ నాన్న గునుస్తున్నాడు. సాఫ్ట్‌వేర్‌లో ఇంతకన్నా ఎక్కువొచ్చే మాట నిజమే, నువ్వు అది తెలిసే చేరుతున్నావు కాబట్టి నేను కల్పించుకోను.

డిస్కంలు వచ్చే ఏడాది లెక్కల్ని మామూలుగా నవంబరు ఆఖరుకు నియంత్రణ మండలికి సమర్పిస్తాయి. వాటి మీద అభ్యంతరాలు రాయడానికి, బహిరంగ విచారణలో నిలబడి మాట్లాడటానికి ఏ వినియోగదారుడికైనా హక్కుంది. ఈసారి వ్యవసాయ వినియోగం పట్టిక తెరిచి, శాంపిల్ మీటర్లు ఎన్ని పనిచేస్తున్నాయో చెప్పమని ఒక అభ్యంతరం రాయి. ఇంటి కనెక్షన్ నా పేరునే ఉంది, సంతకం నేను పెడతాను.

ఇట్లు
నీ అత్తయ్య