చల్లార్చడం కూడా ఒక విద్యే!

కొన్నేళ్ళ కిందట మా తొమ్మిదో తరగతి పిల్లలు ఒక డబ్బా నిండా పగిలిన గాజులు పోగుచేసి తెచ్చారు. చేతికి వేసుకొనే గాజులే. మన భాషలో ఆ నగకూ, అది తయారైన పదార్థానికీ ఒకటే పేరు కదా! వాటిని కరిగించి అందమైన బిళ్ళ చెయ్యాలని వాళ్ళ కోరిక. మా ఊరి కుమ్మరి ఒకాయన తన ఆవంలో కుండల మధ్య కాస్త చోటిచ్చాడు. మట్టి మూకుట్లో రంగులేని గాజు ముక్కలూ, ఎర్ర గాజు ముక్కలూ పరిచి లోపల పెట్టాం. మర్నాడు సాయంత్రానికే పిల్లలు ఆవం చుట్టూ మూగారు. "ఇంకా ఆరలేదు మాస్టారూ, రేపొద్దున తీద్దాం" అన్నాడాయన. పిల్లల తొందరకు నా తొందర కూడా తోడైంది. మందపాటి గుడ్డతో పట్టి మూకుణ్ణి బయటికి తీశాం.

బిళ్ళ బ్రహ్మాండంగా వచ్చింది. దాన్ని సైన్సు గదిలో బల్లమీద పెట్టాం. మూడోనాడు నేను పాఠం చెబుతుండగా 'టక్'మని చప్పుడైంది. చూస్తే బిళ్ళ రెండు ముక్కలై ఉంది! "మేమెవరం ముట్టుకోలేదు మాస్టారూ!" అని తరగతంతా ఒక్కసారిగా అరిచింది. నిజమే, ఎవరూ ముట్టుకోలేదు. మరి ఎందుకు పగిలినట్టు?

ఈ ప్రశ్నకు జవాబు నేర్చుకోవడానికి కొందరు విద్యార్థులు విశ్వవిద్యాలయంలో చేరి ఏళ్ళ తరబడి చదువుతారంటే మీరు ఆశ్చర్యపోతారేమో! గాజు శిల్పం, గాజు డిజైను నేర్పే విభాగాలు కొన్ని దేశాల్లో ఉన్నాయి. గాజు పని అనగానే గొట్టంతో బుడగ ఊదే పనివాడు మనకు గుర్తొస్తాడు. కాని ఊదడం కనిపెట్టక ముందే, అంటే రెండువేల ఏళ్ళకు పూర్వమే, మనుషులు రంగురంగుల గాజు ముక్కల్ని పక్కపక్కన పేర్చి, కొలిమిలో కరిగించి అతికి, గిన్నెలుగా మలిచేవారు. ఊదడం వచ్చాక ఆ విద్య వెనకబడింది. ఇరవయ్యో శతాబ్దంలో దాన్ని మళ్ళీ పైకి తెచ్చినవారిలో క్లాస్ మోయె అనే జర్మన్ కళాకారుడు ముఖ్యుడు. ఆయన 1936లో హాంబర్గ్ నగరంలో పుట్టాడు. 1982లో ఆస్ట్రేలియా వెళ్ళి, కాన్‌బెర్రా కళా పాఠశాలలో గాజు విభాగాన్ని స్థాపించాడు. 1992లో ఆ పాఠశాల ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయంలో కలిసింది.

ఇలాంటి చోట చేరిన విద్యార్థి మొదట నేర్చుకొనేది గాజు స్వభావం. మంచుగడ్డ సున్నా డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి నీరవుతుంది. గాజుకు అలాంటి ఒకే ఒక కరిగే ఉష్ణోగ్రత లేదు. దాని అణువులు స్ఫటికంలో లాగ వరుసలు తీరి ఉండవు. అందుకే గాజు వేడెక్కేకొద్దీ మెల్లమెల్లగా మెత్తబడుతుంది. సుమారు 650 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర పలక తన బరువుకు తానే వంగి, కింద ఉన్న అచ్చులోకి దిగిపోతుంది. పళ్ళేలు, గిన్నెలు ఇలాగే చేస్తారు. 750 దగ్గర ఒకదానిమీద ఒకటి పెట్టిన ముక్కలు ఆకారం చెడకుండా అతుక్కుంటాయి. 800 దాటితే కలిసిపోయి ఒకే పలక అవుతాయి.

ఇక్కడొక తమాషా ఉంది. 3 మిల్లీమీటర్ల మందం గల పలక ఒక్కదాన్నే పూర్తిగా కరిగిస్తే దాని అంచులు లోపలికి ముడుచుకుంటాయి. అలాంటివి మూడు పేర్చి కరిగిస్తే, పక్కలకు పారి వెడల్పవుతాయి. రెండు పేర్చితే మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటాయి. నీటిబొట్టును గుండ్రంగా ఉంచే తలతన్యత గాజును దగ్గరికి లాగుతుంది. గురుత్వాకర్షణ దాన్ని పరుస్తుంది. ఈ రెండింటికీ సుమారు 6 మిల్లీమీటర్ల మందం దగ్గర రాజీ కుదురుతుంది. చిత్రం గీసేటప్పుడే విద్యార్థి ఈ లెక్క మనసులో పెట్టుకోవాలి. లేకపోతే తాను వేసిన చతురస్రం కొలిమిలోంచి నడుం సన్నబడి బయటికి వస్తుంది!

ఇక మా బిళ్ళ సంగతికి వద్దాం. గాజు పగలడానికి ఇలాంటి సందర్భాల్లో ఇద్దరు దోషులు ఉండవచ్చు.

మొదటి దోషి రంగుల పొత్తు కుదరకపోవడం. వేడికి వస్తువులు వ్యాకోచిస్తాయనీ, చల్లారితే సంకోచిస్తాయనీ మీకు తెలుసు. మామూలు కిటికీ గాజు మీటరు పొడవుకు, ఒక డిగ్రీకి సుమారు 0.009 మిల్లీమీటర్లు మారుతుంది. 20 సెంటీమీటర్ల పలక 500 డిగ్రీల మేర చల్లారితే ఎంత ముడుచుకుంటుంది? లెక్క కట్టండి. 0.9 మిల్లీమీటర్లు. దీనికి అతికిన ఎర్ర గాజు నూటికి ఐదు పాళ్ళు ఎక్కువ ముడుచుకొనే రకమనుకుందాం. తేడా 0.045 మిల్లీమీటర్లు, సన్నటి వెంట్రుక మందమంత. కాని రెండు గాజులూ గట్టిగా అతుక్కొని ఉన్నాయి, ఒకటి ముడుచుకుంటుంటే రెండోది అడ్డుకుంటుంది. రబ్బరైతే సాగి సర్దుకొనేది. గాజు సాగదు. ఆ లాగుడు లోపల ప్రతిబలంగా నిలిచిపోతుంది. రంగు కోసం కలిపే లోహపు ఆక్సైడులు, వాటితో పాటు మార్చే పాళ్ళు ఈ వ్యాకోచాన్ని మార్చేస్తాయి. కనుక కంటికి ఒకేలా కనిపించే రెండు గాజులు కొలిమిలో బద్ధశత్రువులు కావచ్చు.

మోయెను ఏళ్ళ తరబడి వేధించింది ఈ చిక్కే. ఒకదానితో ఒకటి పొసగే రంగు గాజు ఆయనకు ఎక్కువ రకాల్లో దొరికేది కాదు. 1979లో అమెరికాలోని పిల్‌చక్ గాజు పాఠశాలలో ఆయనకు పోర్ట్‌లాండ్ నగరపు బుల్స్‌ఐ గాజు కంపెనీ వాళ్ళు పరిచయమయ్యారు. పరీక్షించి పొత్తు కుదిర్చిన రంగు పలకల్ని తయారుచేయడానికి వాళ్ళు పూనుకున్నారు. ఆ పలకలు లేకపోతే కాన్‌బెర్రా పిల్లలు అన్నన్ని రంగులు కలపగలిగేవారు కాదు. ఒక కళ ముందుకు పోవడానికి వ్యాకోచ గుణకం అడ్డొచ్చిందంటే విచిత్రంగా లేదూ!

రెండో దోషి తొందర. గాజు అధమ ఉష్ణవాహకం. కొలిమి చల్లబడుతుంటే పలక పైభాగం ముందు గట్టిపడుతుంది, లోపలి భాగం ఇంకా వేడిగానే ఉంటుంది. ఆ తర్వాత లోపలిది ముడుచుకోబోతే, గట్టిపడిన పైపొర కదలనివ్వదు. లోపల లాగుడు, పైన నొక్కుడు శాశ్వతంగా ఉండిపోతాయి. బస్సుల పక్క అద్దాలకు కావాలనే, ఒక పద్ధతి ప్రకారం, ఇలా చేస్తారు. అందువల్లే అవి బలంగా ఉంటాయి, పగిలితే పలుకులు పలుకులుగా రాలుతాయి. కాని ఆ ప్రతిబలం అడ్డదిడ్డంగా ఏర్పడితే ఒక చిన్న గీత చాలు. ఆ గీత మెల్లగా పాకి, ఏ మూడోనాడో 'టక్'మంటుంది.

దీనికి మందు మందశీతలీకరణం. కొలిమి మనుషులు దీన్ని ఎనీలింగ్ అంటారు. కొలిమిలో గాజుకు ఇష్టమైన మజిలీ ఒకటుంది. ఈ కళకు వాడే గాజుకు అది సుమారు 480 డిగ్రీలు. ఆ వేడి దగ్గర గాజు ఆకారం మారదు గాని, లోపలి అణువులు కాస్త జరిగి సర్దుకోగలవు. అక్కడ ఆపి, లోపలా పైనా వేడి సమానమయ్యేదాకా ఉంచి, తర్వాత నెమ్మదిగా దించాలి. చిత్రమేమిటంటే, 800 నుంచి ఆ మజిలీ దాకా మాత్రం త్వరగానే దించాలి. అక్కడ తాత్సారం చేస్తే గాజు పైన స్ఫటికాలు పుట్టి మసక కమ్ముతుంది. ఒకే ప్రయాణంలో ఒకచోట పరుగు, ఒకచోట నత్తనడక అన్నమాట!

ఎంత నెమ్మదిగా దించాలి? అది మందాన్ని బట్టి ఉంటుంది. 12 మిల్లీమీటర్ల గాజును మొదటి దశలో గంటకు 55 డిగ్రీల చొప్పున దించవచ్చు. 25 మిల్లీమీటర్లయితే 15 డిగ్రీలు. 50 అయితే 4 డిగ్రీల లోపే! మందం రెట్టింపయితే వేగం దాదాపు నాలుగో వంతుకు తగ్గిందని గమనించారా? విలోమ వర్గ సంబంధం మీ లెక్కల పుస్తకంలోనే కాదు, ఇక్కడా ఉంది. ఇలాంటి పట్టిక చూసి, ప్రతి దశకూ వేగం, గంటలు రాసుకొని, కొలిమి మీటను అమర్చడం విద్యార్థుల రోజువారీ పని. నెల రోజులు కష్టపడి మలచిన శిల్పం రెండు వారాలు కొలిమిలోనే ఉండవచ్చు. తలుపు తెరిచి ఒక్కసారి చూద్దామనిపిస్తుంది. చూడకూడదు.

ఈ ఓపికకు పరాకాష్ఠ కళలో కాదు, ఖగోళశాస్త్రంలో జరిగింది. పాలొమార్ దూరదర్శినికి 5 మీటర్ల అద్దం కోసం 1934 డిసెంబరులో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ సుమారు 20 టన్నుల పైరెక్స్ గాజును పోతపోసింది. అంతకుముందు మార్చిలో పోసిన మొదటి పోత చెడిపోయింది. రెండోదాన్ని పది నెలల పాటు చల్లార్చారు, రోజుకు ఒక డిగ్రీ కూడా కాదు! మధ్యలో, 1935 జులైలో, పక్కనున్న నదికి వరదొచ్చి కొలిమికి విద్యుత్తు ఆగిపోయింది. అదృష్టవశాత్తు అద్దం బతికింది. 1949 నుంచి అది నక్షత్రాలను చూస్తూనే ఉంది.

మన దగ్గర? తిరుపతికి దగ్గరలోని పాపానాయుడుపేట గాజు పూసలకు పేరుపడ్డ ఊరు. కరిగిన గాజును సన్నటి గొట్టంగా లాగి, ముక్కలు చేసి, ఆ ముక్కల్ని బూడిదలో కలిపి మళ్ళీ వేడిచేస్తారు. వాటి పదునైన అంచులు నునుపు తేలుతాయి. తలతన్యతే ఇక్కడా పనివాడు. కళాశాల చదువుగా నేర్చుకోవాలంటే అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో సిరామిక్, గాజు డిజైనులో స్నాతకోత్తర విద్య ఉంది.

ఆవంలో గాజు పెట్టే ప్రయోగం మీరు చెయ్యకండి. మేము చేసింది సాహసమే, తెలివి కాదు. గాజు లోపలి ప్రతిబలాన్ని చూసే ఉపాయం మాత్రం ఇంట్లోనే చేయవచ్చు. పోలరాయిడ్ చలవకళ్ళద్దాలు సంపాదించండి. కంప్యూటర్ ఎల్.సి.డి. తెర మీద తెల్లని పేజీ తెరిచి, కళ్ళద్దాన్ని దాని ముందు తిప్పుతూ పోతే ఒక కోణంలో తెర నల్లబడుతుంది. ఇప్పుడు తెరకూ కళ్ళద్దానికీ మధ్య మీ పారదర్శక ప్లాస్టిక్ స్కేలు పెట్టండి. రంగురంగుల చారలు కనిపిస్తాయి. అచ్చులో పోసినప్పుడు స్కేలులో చిక్కుకుపోయిన ప్రతిబలం అది. గాజు విద్యార్థులు కొత్త రంగును ఇలాగే పరీక్షిస్తారు. రంగులేని పట్టీ మీద రంగు ముక్కను అతికి, చల్లార్చి, రెండు పోలరాయిడ్ల మధ్య చూస్తారు. ముక్క చుట్టూ వెలుగు వలయం కనిపిస్తే పొత్తు కుదరలేదన్నమాట.

మా బిళ్ళ ముక్కలు రెండూ ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. ఈ మధ్య వాటిని అలా పెట్టి చూశాను. ఎరుపు, తెలుపు కలిసిన గీత వెంబడి తెల్లటి వెలుగు కనిపించింది. పగులు బయలుదేరింది కూడా అక్కడినుంచే. మిగిలిన భాగమంతా కూడా మసగ్గా వెలుగుతూనే ఉంది. అది రంగుల తప్పు కాదు, మా తొందర. మర్నాడు పొద్దున తీద్దామన్న కుమ్మరి మాటా సరిపోయేది కాదేమో గాని, ఆయన చెప్పిన దిక్కు మాత్రం సరైనదే.