భుజబలం తిరిగి వచ్చే దారి

మానవ శరీరంలోని కీళ్ళన్నింటిలోను అత్యధిక స్వేచ్ఛతో కదిలేది భుజసంధి. జడ అల్లుకోవాలన్నా, అటక మీది డబ్బా దింపాలన్నా, వీపు రుద్దుకోవాలన్నా ఈ కీలు చలవే. అయితే ఈ స్వేచ్ఛకు శరీరం కొంత మూల్యం చెల్లించింది. తుంటి కీలులో తొడ ఎముక తల లోతైన గిన్నెలో కూర్చుని ఉంటుంది. భుజంలో అటువంటి గిన్నె లేదు. దండచేతి ఎముక యొక్క గుండ్రని తల, రెక్క ఎముకకు ఉన్న లోతు లేని చిన్న పళ్ళెం వంటి భాగాన్ని ఆనుకొని ఉంటుంది. సీసా మూత మీద నిలిపిన బత్తాయిపండును ఊహించుకుంటే ఈ అమరిక తెలుస్తుంది. ఏ క్షణంలో చూచినా ఆ తలలో సుమారు మూడవ వంతుకు మించి పళ్ళెాన్ని తాకదు. దానిని పడిపోకుండా పట్టి ఉంచేవి చుట్టూ ఉన్న సంధిబంధనాలు, రొటేటర్ కఫ్ అని పిలిచే నాలుగు కండరాల స్నాయువులు. చేతిని మొండెంతో కలిపే ఎముక కూడ ఒక్కటే. అది జత్రుక, అంటే మనం కాలర్ బోన్ అనేది.

అందుచేత భుజానికి దెబ్బ తగిలినప్పుడు ఎముక అతుక్కున్నంత మాత్రాన పని పూర్తి కాదు. ఎముకకు విశ్రాంతి కావాలి. కండరానికి, కీలుకు కదలిక కావాలి. ఈ రెండింటికీ సమన్వయం కుదర్చడమే భుజ చికిత్సలోని అసలు కిటుకు.

సైకిలు మీది నుండి పడినప్పుడు

విదేశాలలో స్థిరపడిన మన కుటుంబాలలో సైకిలు పిల్లల ఆటవస్తువు మాత్రమే కాదు. నలభై దాటిన తరువాత వ్యాయామం కోసం సైకిలు పట్టిన తల్లిదండ్రులు కూడ అనేకులు. వేగంగా పోతూ ముందు చక్రపు బ్రేకును గట్టిగా నొక్కినా, చక్రం గుంటలో పడినా, మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి ముందుకు పడతాడు. అప్పుడు నేలను ముందుగా తాకేది భుజపు కొన గాని, చాచిన అరచేయి గాని.

ఇటువంటి పతనంలో సాధారణంగా కనిపించే గాయాలు నాలుగు. మొదటిది కాలర్ బోన్ విరగడం. ఈ విరుగుళ్ళలో నూటికి ఎనభై వరకు ఎముక నడిమి భాగంలోనే జరుగుతాయి. రెండవది కాలర్ బోన్ చివర, రెక్క ఎముక కొన కలిసే చోట బంధనాలు తెగడం. అప్పుడు భుజం మీద ఒక గడ్డ లేచినట్లు కనిపిస్తుంది. మూడవది భుజం కీలు తప్పడం. ఇందులో నూటికి తొంభై అయిదుకు పైగా ఎముక తల ముందువైపుకే జారుతుంది. నాలుగవది రొటేటర్ కఫ్ చిరగడం. ఇది ఎక్స్‌రేలో కనిపించదు. ఎముక బాగానే ఉన్నదని ఇంటికి పంపిన తరువాత వారాలు గడిచినా చేయి పైకి లేవకపోతే దీనిని అనుమానించి ఎం.ఆర్.ఐ. తీయించాలి. ముఖ్యంగా నలభై దాటినవారిలో కీలు తప్పినప్పుడు ఈ చిరుగు తోడవడం తరచు జరుగుతుంది. ఇరవై లోపు వారి సమస్య వేరు: ఒకసారి తప్పిన కీలు మళ్ళీ మళ్ళీ తప్పే అవకాశం వారికి హెచ్చు.

మొదటి గంటలలో

ముందుగా చూడవలసింది భుజాన్ని కాదు, తలను, మెడను, ఊపిరిని. స్పృహ తప్పినా, మెడ నొప్పి ఉన్నా గాయపడినవారిని కదలించక అంబులెన్సును పిలవాలి. ఊపిరి ఆడకపోతే పక్కటెముకలకు, ఊపిరితిత్తికి దెబ్బ తగిలిందేమో చూడాలి. చేయి చల్లబడినా, వ్రేళ్ళు మొద్దుబారినా, విరిగిన ఎముక కొన చర్మాన్ని లోపలి నుండి పొడుస్తున్నట్లు కనిపించినా ఒక్క నిమిషం కూడ ఆలస్యం కూడదు. తప్పిన కీలును ఇంట్లో లాగి సరిచేయబోవడం ప్రమాదకరం. ఎముక కూడ విరిగి ఉండవచ్చు. పక్కనే ఉన్న నాడి నలగవచ్చు. భుజానికి బయటివైపు చర్మం కొంతమేర స్పర్శ కోల్పోవడం ఈ నాడీ గాయానికి గుర్తు.

శస్త్రచికిత్స అందరికీ అవసరమా?

అవసరం లేదు. ముక్కలు పెద్దగా జరగని కాలర్ బోన్ స్లింగులో విశ్రాంతి తీసుకుంటే చాలు, పెద్దలకు సుమారు 6 నుండి 12 వారాలలో, పిల్లలకు ఇంకా త్వరగా అతుక్కుంటుంది. ముక్కలు బాగా ఎడమైనప్పుడు ఏమి చేయాలన్నది చాలాకాలం వివాదంగా ఉండేది. 2007లో కెనడా వైద్యులు 132 మంది రోగులపై జరిపిన అధ్యయనంలో, ప్లేటు, మరలు వేసినవారిలో ఎముక అతకకపోవడం తక్కువగాను, చేతి పనితనం మెరుగుగాను కనిపించాయి. అయినా శస్త్రచికిత్సకు దాని కష్టాలు దానికున్నాయి: గాయంలో చీము పట్టవచ్చు, ప్లేటు చర్మానికి ఒరుసుకొని తరువాత తీయించుకోవలసి రావచ్చు. వయస్సు, వృత్తి, ఎముక ఎంత జరిగిందన్న విషయం చూచి వైద్యునితో కలిసి నిర్ణయించుకోవలసిన సంగతి ఇది. పొగ త్రాగేవారికి ఎముక ఆలస్యంగా అతుకుతుంది గనుక, ఏ చికిత్స తీసుకున్నా ఆ అలవాటు మానడం మేలు.

సుశ్రుతుడు చెప్పిన క్రమం

మన ప్రాచీన శస్త్రవైద్య గ్రంథమైన సుశ్రుత సంహిత ఎముకల గాయాలను రెండుగా విభజించింది: కీలు తప్పడం 6 విధాలు, ఎముక విరగడం 12 విధాలు. భుజం కీలు తప్పితే చంకలో రోకలి ఉంచి పైకెత్తి, కీలు స్వస్థానానికి చేరిన తరువాత స్వస్తికాకారపు కట్టు కట్టాలని చెప్పింది. గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేర ప్రసిద్ధమైన పద్ధతిలో రోకలికి బదులు వైద్యుని మడమ ఉంటుంది. సూత్రం ఒక్కటే.

అంతకన్న విశేషమైనది అదే అధ్యాయంలో చేతి గాయం మానిన తరువాతి విధి. రోగి మొదట మట్టిముద్దను, పిమ్మట ఉప్పుగడ్డను, చేతికి బలం వచ్చిన తరువాత రాతిని పట్టుకోవాలట. భారాన్ని మెట్టు మెట్టుగా పెంచాలన్న నేటి ఫిజియోథెరపీ సూత్రం ఇందులో స్పష్టంగా ఉన్నది.

నేటి భుజ చికిత్సలోని మెట్లు ఇంచుమించు ఇలా ఉంటాయి. స్లింగులో ఉన్న వారాలలో సైతం వ్రేళ్ళు, మణికట్టు, మోచేయి రోజూ పలుమార్లు కదల్చాలి. వైద్యుడు అనుమతించగానే లోలక వ్యాయామం మొదలవుతుంది: మంచి చేతిని బల్లపై ఆనించి ముందుకు వంగి, గాయపడిన చేతిని గడియారపు లోలకంలా వ్రేలాడదీసి మెల్లగా ఊపడం. తరువాత మంచి చేతి సహాయంతో రెండవ చేతిని లేపడం, గోడపై వ్రేళ్ళతో పైకి పాకించడం. ఆ పైన స్వయంగా లేపడం. చివరి మెట్టు రబ్బరు పట్టీలు, చిన్న బరువులు. రొటేటర్ కఫ్‌ను కుట్టినవారు సాధారణంగా 4 నుండి 6 వారాలు స్లింగులో ఉంటారు. వారికి బలం పెంచే వ్యాయామాలు సుమారు 12 వారాలకు గాని ఆరంభం కావు. పూర్తి స్వస్థతకు 6 నెలల నుండి ఏడాది పట్టవచ్చు.

తొందర, భయం

ఈ దారిలో రెండు గోతులున్నాయి. మొదటిది తొందర. 1956లో ఇటలీ దేశపు సైకిలు పందెం జిరో దిటాలియాలో ఫియొరెంజో మాగ్ని అనే వీరుడు ఎడమ కాలర్ బోన్ విరిగినా పందెం మానలేదు. ఎడమచేతితో హ్యాండిల్‌ను లాగలేక, దానికి కట్టిన ట్యూబు ముక్కను పళ్ళతో కరచిపట్టి కొండ ఎక్కాడు. చివరకు రెండవ స్థానం దక్కింది. కాని మధ్యలో మరల పడి దండచేతి ఎముకను కూడ విరుగగొట్టుకున్నాడు. నొప్పి తగ్గడం వేరు, ఎముక గట్టిపడడం వేరు. నొప్పి లేదు గదా అని మూడవ వారంలోనే బిడ్డను ఎత్తుకొనే తండ్రి, బియ్యపు బస్తా మోసే తల్లి ఈ తేడాను గుర్తించాలి.

రెండవది భయం. మన ఇళ్ళలో దెబ్బ తగిలినవారిని కదలనివ్వకపోవడం ప్రేమకు చిహ్నం. స్వదేశం నుండి పెద్దలు ఫోను చేసి, "చెయ్యి కదపకు నాయనా, సెలవు పెట్టి వస్తే పుత్తూరు కట్టు కట్టిద్దాం" అంటారు. చిత్తూరు ప్రాంతపు ఆ కట్టుకు తరతరాల ఖ్యాతి ఉన్నది. వారి ఆత్మీయతను కాదనలేము. కాని ఏ కట్టయినా భుజాన్ని అవసరానికి మించి బిగించి ఉంచితే కీలు చుట్టూ ఉన్న పొర కుంచించుకొని భుజం పట్టివేస్తుంది. బోస్టన్ నగరపు శస్త్రవైద్యుడు కాడ్మన్ 1934లో ప్రచురించిన గ్రంథంలో ఇటువంటి బిగింపుకు ఫ్రోజెన్ షోల్డర్ అని పేరు పెట్టాడు. ఇది సామాన్య జనంలో నూటికి 2 నుండి 5 మందికి వస్తే, మధుమేహం ఉన్నవారిలో 10 నుండి 20 మందికి వస్తుందని అంచనా. మధుమేహం మనవారిలో ఎంత హెచ్చో వేరే చెప్పనక్కరలేదు. కనుక భుజానికి దెబ్బ తగిలిన మధుమేహ రోగి రక్తంలోని చక్కెరను అదుపులో ఉంచుకోవడం, వ్యాయామం మానకపోవడం రెండూ చికిత్సలో భాగాలే.

ఇంటివారి పాత్ర

ఉమ్మడి కుటుంబం దగ్గర లేని చోట ఒక చేయి పనిచేయకపోతే ఇల్లంతా తలక్రిందులవుతుంది. గాయపడిన చేతిని ముందుగా చొక్కాలో దూర్చడం, విప్పేటప్పుడు చివరగా తీయడం నేర్చుకుంటే బట్టలు మార్చడం సులభమవుతుంది. రాత్రి పడుకుంటే నొప్పి పెరుగుతుంది కాబట్టి మొదటి వారాలలో వాలుకుర్చీలో, మోచేతి క్రింద దిండు పెట్టుకొని నిద్రించడం హాయి. కారు నడపడం వైద్యుడు అనుమతించే వరకు వాయిదా వేయాలి. అన్నిటికన్న ముఖ్యం, వ్యాయామ సమయంలో పక్కన కూర్చుని లెక్కపెట్టే మనిషి. నెలల తరబడి ఒంటరిగా గోడ వైపు తిరిగి చేయి లేపడం ఎంతటి ధీరునికైనా విసుగు పుట్టిస్తుంది. పక్కన పదేళ్ళ కూతురు "నిన్నటి కన్న అంగుళం పైకి వచ్చింది నాన్నా" అంటే ఆ విసుగు పోతుంది.

తిరిగి సైకిలు ఎక్కే ముందు భుజం అన్ని వైపులకు నొప్పి లేకుండా తిరగాలి. అరచేతులపై శరీరభారం ఆనించగలగాలి. రెండు చేతులతో బ్రేకును సమానంగా పట్టగలగాలి. శిరస్త్రాణం సంగతి వేరుగా చెప్పనవసరం లేదు. మట్టిముద్దను దాటక రాతిని చేరలేము. మట్టిముద్ద దగ్గరే ఆగిపోనూ కూడదు.