మన బ్రతుకులో నుండి కథ: విశ్వాసి నవల వ్రాయవచ్చునా?

చదువవలసిన వాక్యభాగములు: 2 సమూయేలు 12:1–14, కీర్తన 78:1–8, లూకా 1:1–4, లూకా 15:11–32.



నవల అనే మాట వినగానే మన పెద్దలలో కొందరు ఇప్పటికీ ముఖం చిట్లిస్తారు. "జరగనిది జరిగినట్లు వ్రాయడం అబద్ధం కాదా? ఆ సమయం సాక్ష్యం చెప్పడానికి వాడుకోవచ్చును గదా?" అని అడుగుతారు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయకూడదు. అబద్ధాన్ని ద్వేషించేవారే ఈ ప్రశ్న అడుగగలరు. కాబట్టి వాక్యము నుండియు, మనకు ముందు వ్రాసినవారి బ్రతుకుల నుండియు జవాబు వెదకుదము.

1. నాతాను చెప్పిన కథ

దావీదు పాపం చేసినప్పుడు ప్రవక్తయైన నాతాను రాజు ఎదుటకు వెళ్ళి మొదటే నేరం మోపలేదు. ఒక బీదవాని గొర్రెపిల్ల కథ చెప్పాడు. ఆ గొర్రెపిల్ల ఏ ఊరిదీ కాదు, ఆ ధనవంతునికి పేరూ లేదు. అయినా ఆ కథ అబద్ధం కాదు. సూటిగా చెబితే తప్పించుకొనే మనస్సును పట్టుకోవడానికి వచ్చిన సత్యం అది. రాజు తీర్పు తానే చెప్పాడు. ఆ తరువాత గాని అది తన కథేనని అతనికి తెలియలేదు.

మన ప్రభువు చెప్పిన తప్పిపోయిన కుమారుని కథ కూడ చూడండి. చిన్నవాడు ఇల్లు చేరాడు, విందు జరిగింది. పెద్దవాడు మాత్రం బయటనే నిలిచి ఉన్నాడు, తండ్రి అతనిని బ్రతిమాలుతున్నాడు. పెద్దవాడు లోపలికి వచ్చాడో లేదో ప్రభువు చెప్పలేదు. ఆ జవాబు వినేవారే ఇవ్వాలని వదిలిపెట్టాడు. కథ వ్రాయగోరే విశ్వాసి నేర్చుకోవలసిన ముఖ్యమైన పాఠం ఇదే: విశ్వాసం మన కథకు చక్కని ముగింపు కుట్టి ఇచ్చేది కాదు. జరిగినదానిని భయపడకుండ చూచే కన్ను ఇచ్చేది.

2. మాట్లు వేసేవాని పుస్తకం

బాప్టిస్టులమైన మనకు ఈ విషయంలో ఒక పెద్దదిక్కు ఉన్నాడు. "యాత్రికుని ప్రయాణము" ఎన్నో తెలుగు క్రైస్తవ గృహాలలో బైబిలు ప్రక్కన ఉండిన పుస్తకం. దానిని వ్రాసిన జాన్ బన్యన్ 1628లో ఇంగ్లాండులో బెడ్‌ఫర్డ్ దగ్గర ఎల్‌స్టో గ్రామంలో పుట్టాడు. చిల్లులు పడిన పాత్రలకు మాట్లు వేయడం అతని కులవృత్తి వంటి పని. అనుమతి లేకుండ బోధించినందుకు 1660లో చెరసాలలో వేశారు. ఇంచుమించు 12 ఏండ్లు అక్కడే గడిచాయి. చూపులేని కుమార్తె ఇంటివద్ద ఉంది. చెరసాలలో లేసులు తయారుచేసి కుటుంబాన్ని పోషించాడు.

1666లో అతడు తన ఆత్మీయ అనుభవాన్ని సాక్ష్యంగా వ్రాశాడు. దానిలో సంవత్సరాల తరబడి తనను పీడించిన నిరాశను దాచలేదు. అదే అనుభవం 1678లో కథగా వచ్చింది. నిరాశ ఒక ఊబి అయింది, సందేహం ఒక కోట అయింది. తాను న్యాయాధిపతి ఎదుట నిలిచిన దినం, మాయాసంతలో విశ్వాసిని విచారించిన సభ అయింది. సాక్ష్యం బన్యన్ సంగతి చెబుతుంది. కథ చదివినవాడు ఆ ఊబిలో తన కాళ్ళే చూచుకుంటాడు. ప్రచురించడానికి ముందు మిత్రులను అడిగితే కొందరు అచ్చువేయమన్నారట, కొందరు వద్దన్నారట. మన సంఘాలలోని వాదన మూడు వందల ఏండ్లకు పైగా పాతదే!

3. తెలుగు నవల పుట్టుక

ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పిన సూత్రం ఒకటి ఉంది: తెలిసినదాని నుండి తెలియనిదానికి నడిపించాలి. తెలుగు నవల చరిత్ర కూడ దీనినే చూపుతుంది.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1878లో "రాజశేఖర చరిత్రము" మొదలుపెట్టారు. ఆయనకు ప్రేరణ ఇచ్చినది ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రచురించిన ఒక పాదిరి కుటుంబపు కథ. గోల్డ్‌స్మిత్ తండ్రి కూడ పాదిరియే. పంతులుగారు మొదట దానిని అనువదించబోయి, మన ఆచారాలకు అతకదని మానివేసి, ధవళేశ్వరంలో కాపురమున్న ఒక కుటుంబాన్ని తీసుకొని మన వాడుకలతో వ్రాశారు. ప్రేరణ దూరదేశం నుండి రావచ్చు. కథలోని అన్నమూ నీళ్ళూ మాత్రం మన వీధివే కావాలి.

ఉన్నవ లక్ష్మీనారాయణగారు స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్ళి అక్కడ "మాలపల్లి" వ్రాశారు. అది 1922లో వెలువడింది. మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. రామదాసు భక్తిగల మాల కుటుంబం అనుభవించిన అన్యాయం దానిలోని కథ. ఆయన ఆ పల్లెలో పుట్టినవారు కాదు; అయినా కళ్ళు మూసుకోలేదు. ఇతరుల బాధను దగ్గర నుండి చూడడం కూడ అనుభవమే.

మన కాలంలో కొలకలూరి ఇనాక్‌గారు ఉన్నారు. బైబిలులోని హనోకు పేరుకు ఇంగ్లీషు రూపమే ఆ పేరు. 1939లో గుంటూరు జిల్లా వేజెండ్లలో పుట్టి, అనంతపురంలో చాలాకాలం అధ్యాపకులుగా పనిచేశారు. ఆ సీమ కరవును "అనంత జీవనం" నవలగా వ్రాశారు. 2014లో పద్మశ్రీ పొందారు. ఉద్యోగం చేసిన ఊరి దప్పికయే ఆయనకు నవల అయింది.

4. మన గంజాం సంగతి

ఇప్పుడు మన ఇంటికి వద్దము. బరంపురంలో 1827లో మిషనరీ విలియం బాంప్టన్‌గారి చేత బాప్తిస్మం పొందిన ఎరూన్ తెలుగువాడు. ఒరిస్సాలో జనరల్ బాప్టిస్టు మిషను సేవకు అతడే తొలిఫలం. అతని పేరు, సంవత్సరం మిషను చరిత్రలో దొరుకుతాయి. ఆ సాయంకాలం అతడు ఇల్లు చేరినప్పుడు గుమ్మంలో నిలిచినవారి ముఖాలు చూపడం చరిత్ర పని కాదు, కథ పని.

గోపాలపూర్ రేవులో ఓడ ఎక్కి రంగూను వెళ్ళినవారు ఎందరో. 1942లో జపాను దాడికి వెరచి బర్మా నుండి కాలినడకన తిరిగి వచ్చినవారు ఎందరో. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు రాజధానిని విడిచి ఒరిస్సాలో చేరినప్పుడు, ఇల్లు కదలకుండగనే వేరే రాష్ట్రస్థులైన తెలుగువారు ఉన్నారు. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపూర్ వద్ద తీరం దాటిన ఫైలిన్ తుఫానులో ప్రార్థించినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. 2020లో సూరత్ మగ్గాలు ఆగిపోయి, చేతిలో సంచితో తిరిగి వచ్చిన కుమారుల తల్లులు ఈ జిల్లా అంతటా ఉన్నారు.

ఇవన్నీ ఎవరు వ్రాస్తారు? మన పిల్లలు ఒడియాలోను ఇంగ్లీషులోను చదువుకుంటున్నారు, అది మేలే. అయితే నాయనమ్మ చెప్పినది నాయనమ్మ మాటతోనే ఉంచగలవారు తగ్గిపోతున్నారు. "మా తెలుగు పుస్తకాల తెలుగు కాదు, ఒడియా కలిసిపోయింది" అని సిగ్గుపడనక్కరలేదు. నోటి భాషకు గౌరవం కావాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయుడుగా పనిచేసినది ఆనాటి గంజాంలోని పర్లాకిమిడిలోనే. ఆయన సవరల భాషను కూడ నేర్చి, గౌరవించి, నిఘంటువు కూర్చారు.

5. వ్రాయబోయేవారికి మూడు మాటలు

మొదటిది, విచారించండి. లూకా అన్నిటిని మొదటినుండి తరచి తెలిసికొని వ్రాశాడు. పెద్దలను అడగండి, తేదీలు సరిచూచుకోండి.

రెండవది, పొరుగువానిని కాపాడండి. నమ్మి చెప్పిన రహస్యాన్ని పేరుతో వీధిలో పెట్టడం ప్రేమ కాదు. పేరు, ఊరు మార్చండి. నాతాను కథలో దావీదు పేరు లేదు. అయినా బాణం గురి తప్పలేదు.

మూడవది, పూత పూయకండి. మన కథలలో త్రాగుబోతు చివరి పేజీలో తప్పక మారుమనస్సు పొందుతాడు, అప్పు తీరిపోతుంది, కోడలు కంటతడి పెడుతుంది. జీవితంలో కొన్ని ప్రార్థనలకు జవాబు ఇంకా రాలేదని మనకందరికీ తెలుసు. సంఘంలో కులం పేరు చెప్పి పెళ్ళి తప్పిపోయిన అమ్మాయి ఉంటే, ఆ కథ వ్రాయడం సంఘాన్ని అవమానపరచడం కాదు. బైబిలు దావీదు పాపాన్ని దాచలేదు, పేతురు బొంకును దాచలేదు. దాచినయెడల వారికి కలిగిన క్షమాపణ కూడ మనకు తెలియకపోయేది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. నాతాను కథ చెప్పకుండ నేరుగా గద్దించినట్లయితే దావీదు ఏమని ఉండును?
2. పెద్ద కుమారుడు లోపలికి వెళ్ళాడా? మీ జవాబుకు కారణం చెప్పండి.
3. మీ కుటుంబం ఈ ప్రాంతానికి ఎప్పుడు, ఎందుకు వచ్చింది? అది తెలిసినవారు ఇంకెవరున్నారు?
4. మీ ఇంట ఎవరూ పైకి మాట్లాడని సంగతి ఏది? పేర్లు మార్చి, ప్రేమతో దానిని ఎలా చెప్పవచ్చును?

స్త్రీల కూటమిలోను యౌవనుల కూటమిలోను ఈ పాఠం చర్చించిన పిమ్మట, ఒక్కొక్కరు ఒక పేజీ చొప్పున వ్రాసి తేవలెనని మా మనవి. వ్రాయలేని వృద్ధుల దగ్గర మనుమలు కూర్చుండి వ్రాసికొనవలెను. ఆ పని ఈ ఆదివారం ఆరాధన అయిన వెంటనే మొదలుపెట్టవచ్చును.