బడితోట ఫలమును కొలుచుట యెట్లు?

తిరుపతి, చిత్తూరు సీమలో నీరు అపురూపము. ఇట్టిచోట బడి ఆవరణలో నాలుగు మళ్లు ఆకుకూర పెంచుట సామాన్యమైన పని గాదు. ఆ శ్రమ పిల్లల ఒంటికి ఎంతవరకు పట్టుచున్నదో తెలిసికొనుట అవసరము.

బడులలో పోషకాహార తోటలు పెంచుటకు కేంద్రప్రభుత్వము 2019లో మార్గదర్శక సూత్రములను వెలువరించినది. వైద్యవిద్యార్థులు గ్రామకుటుంబములను దత్తత చేసికొని వారి ఆరోగ్యమును గమనించు పద్ధతి 2022లో పాఠ్యప్రణాళికలో చేరినది. తిరుపతిలో 1960లో నెలకొన్న శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల వంటి విద్యాలయముల విద్యార్థులకు, ఆ కుటుంబముల పిల్లలు చదువు బడి తోటను పరీక్షించుట తగిన పని.

పళ్లెమే మొదటి కొలత

మధ్యాహ్న భోజనమున 1 నుండి 5 తరగతుల పిల్లలకు తలకు 50 గ్రాములు, 6 నుండి 8 తరగతుల వారికి 75 గ్రాములు కూరగాయలు ఉండవలెనని నియమము. చిన్న తరగతులలో 60 మంది యున్న బడికి దినమునకు 3 కిలోలు, ఆరు దినములకు 18 కిలోలు కావలెను. తోట వారమునకు 6 కిలోలిచ్చినచో అవసరములో మూడవ వంతు తీరినట్లు. కోసిన కూరను తూచి ప్రతిదినము పుస్తకములో వ్రాయవలెను. పిల్లలు తినక విడిచిన కూరను గూడ తూచవలెను.

రక్తపరీక్షలో జాగ్రత్త

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 63 మందికి రక్తహీనత గలదు. వీరే పెరిగి బడికి వచ్చువారు. 5 నుండి 11 ఏండ్ల పిల్లలకు 100 మిల్లీలీటర్ల రక్తమున హిమోగ్లోబిన్ 11.5 గ్రాములకు తగ్గినచో రక్తహీనతయే.

తోట వేసిన పిదప హిమోగ్లోబిన్ పెరిగినంత మాత్రమున అది తోట గొప్పయని తేల్చరాదు. బడిలో వారమున కొకసారి ఇనుపధాతువు మాత్రలు, ఏటికి రెండుమార్లు నులిపురుగుల మాత్రలు ఇచ్చుచున్నారు. కావున అవే మాత్రలు అందుచు, తోటలేని ఇరుగు పల్లె బడితో పోల్చవలెను. తల్లిదండ్రుల అనుమతితో తోటకు ముందొకసారి, ఏడాది పిమ్మట మరియొకసారి పరీక్షింపవలెను.

ఆకుకూరలోని ఇనుము ఒంటికి కొలదిగానే పట్టును. వండి దించిన పిదప నిమ్మరసము పిండినచో ఎక్కువ పట్టును. ఆకుకూరలోని విటమిన్ ఏ పట్టుటకు కొంచెము నూనె కావలెను. కనుక తోటతోపాటు వంటయింటిని గూడ చూడవలెను.

మేలుతో కీడు రాకుండ

వట్టి కాళ్లతో మట్టిలో తిరుగు పిల్లలకు కొంకిపురుగులు సోకవచ్చును. అవి రక్తమును పీల్చును. చెప్పులు తొడిగించుచున్నారా, పని ముగియగనే సబ్బుతో చేతులు కడిగించుచున్నారా, మరుగుదొడ్ల నీరు మళ్లలోనికి పారుచున్నదా యని విద్యార్థులు కనిపెట్టవలెను. వేసవి సెలవులలో నీరు పోయువారెవరో అడిగి తెలిసికొనవలెను. ఆ బాధ్యత వహించువారు లేని తోట ఏటేటా మరల మొదటికే వచ్చును.

తేలిన ఫలితమును తల్లిదండ్రుల ఎదుట చదివి వినిపింపవలెను. కూర తక్కువైనచో మడి పెంచుటయు, పళ్లెమున మిగిలినచో వంట మార్చుటయు గ్రామస్థుల చేతిలోనే యున్నది.