108 వచ్చేలోగా మన చేతిలో ఉన్నది
(డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ లబ్ధిదారులకు: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతం)

వైద్య సేవ వల్ల ఆసుపత్రి ఖర్చు భయం తగ్గుతుంది. కానీ ముందు మనిషి ప్రాణంతో ఆసుపత్రి గుమ్మం చేరాలి కదా! ఆ అరగంటో గంటో ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉంటుంది.

పాము కరిస్తే

చేపల చెరువు గట్ల మీద, వరి చేలల్లో తిరిగేవాళ్లకి ఈ భయం ఎప్పుడూ ఉండేదే. ముందు 108కి ఫోన్ చేయండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా, ఎముక విరిగినప్పుడు కట్టినట్టు చెక్క పెట్టి గుడ్డతో వదులుగా కట్టండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వెంటనే తీసేయండి, వాపు వచ్చాక రావు. మనిషిని నడిపించొద్దు. తాడు బిగించడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం వద్దే వద్దు. ఎవరైనా అప్పటికే తాడు కట్టేసి ఉంటే మీరు విప్పకండి, డాక్టరు చూసి విప్పుతారు. పామును వెతికి చంపే పని పెట్టుకోకండి. కరిచిన టైము మాత్రం గుర్తుంచుకోండి.

కట్లపాముది వేరే దారి. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే గాటు కనపడకపోయినా ఆసుపత్రికే వెళ్లాలి. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందకి దోపి పడుకుంటే చాలావరకు తప్పుతుంది.

మంత్రంతో బతికారన్న మాట ప్రతి ఊళ్లోనూ వింటాం. చాలా పాములకి అసలు విషమే ఉండదు. ఆ పాములు కరిచినవాళ్లు మంత్రం లేకపోయినా బతికేవాళ్లే. విషం ఎక్కినవాళ్లకి మాత్రం ఆ ఆలస్యమే ప్రాణం తీస్తుంది. విరుగుడు ఇంజక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

ఫిట్స్ వస్తే

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి ఫిట్స్‌తో పడిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడైనా ఇప్పుడైనా చేయాల్సింది ఒకటే. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. చేతిలో తాళాలు పెట్టినా, ఉల్లిపాయ వాసన చూపించినా ఫిట్స్ ఆగవు. నోట్లో చెంచా, నీళ్లు పెట్టొద్దు. ఐదు నిమిషాలు దాటినా, మళ్లీ వచ్చినా, మొదటిసారి వచ్చినా 108 పిలవండి.

దారి మునిగితే

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు కొల్లేట్లోకి చేరాక లంక గ్రామాల రోడ్లు మునిగిపోయాయి. అలాంటప్పుడు అంబులెన్స్ ఇంటి ముందుకి రాదు. అందుకే ఇప్పుడే ఊళ్లో మాట్లాడుకోండి: పడవ ఎవరిది, రాత్రిపూట ఎవరు నడుపుతారు, ఏ వంతెన దగ్గర 108 ఆగాలి. ఫోన్‌లో ఆ చోటు పేరే చెప్పండి. ఎర్రకాలువ పొంగే గూడెం వైపు ఊళ్లకీ ఇదే మాట. నెలలు నిండిన గర్భిణిని నీళ్లు రాకముందే ఏఎన్ఎంతో మాట్లాడి ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చండి. నీళ్లొచ్చాక పడవలో నొప్పులు పడే పరిస్థితి తెచ్చుకోకండి.

బీపీ, షుగర్ మాత్రలు రెండు వారాలకి సరిపడా ఉంచుకోండి. కరెంటు పోతే ఇన్సులిన్‌ని మూత గట్టి డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని చల్లటి కుండలో ఉంచండి. ఐస్‌కి తగలనివ్వొద్దు.

ఆధార్, రైస్ కార్డు, పాత మందుల చీటీలు ఒకే ప్లాస్టిక్ కవర్‌లో కట్టి ఎత్తున పెట్టండి, ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. తొందరలో కవర్ మర్చిపోతే దాని కోసం వెనక్కి రాకండి. రోగిని చేర్చాక వైద్యమిత్రని అడగండి, కాగితాల సంగతి ఆయన చెబుతారు.