గుంపు ఆగకూడదు, మనిషి మునగకూడదు

బాలలూ! ఈ నెల ఒక చిక్కు ప్రశ్నతో మొదలుపెడదాం. నలభై ఓడలు గుంపుగా అట్లాంటిక్ మహాసముద్రం దాటుతున్నాయి. అర్ధరాత్రి వేళ వాటిలో ఒకదానికి టార్పెడో తగిలింది. ఆ ఓడలోని నావికులు చల్లని నీళ్ళలో పడి కేకలు వేస్తున్నారు. వెనక వస్తున్న ఓడకు మీరే కెప్టెన్ అనుకోండి. ఓడను ఆపుతారా, ఆపరా?

"ఆపుతాం" అనే అంటారు మీరు. కాని రెండవ ప్రపంచ యుద్ధంలో (1939-45) మామూలు సరుకు ఓడల కెప్టెన్లు పాటించవలసిన నియమం "ఆగవద్దు" అనే. ఆ నియమం పెట్టినవారికి దయ లేదా? కోపం తెచ్చుకునే ముందు కొంచెం లెక్క వేద్దాం.

ఆ రోజుల్లో బ్రిటన్‌కు తిండిగింజలు, చమురు, ఇనుప ఖనిజం సముద్రం మీదుగానే రావాలి. ఆ ఓడలను ముంచడానికి జర్మన్ జలాంతర్గాములు కాచుకొని ఉండేవి. అందుకే సరుకు ఓడలు వరుసలు కట్టి, చుట్టూ యుద్ధనౌకల కాపలాతో కలిసి ప్రయాణం చేసేవి. ఇలాంటి గుంపునే కాన్వాయ్ అంటారు. అందరికంటె నెమ్మదిగా నడిచే ఓడ వేగమే గుంపు వేగం. నెమ్మది గుంపులు గంటకు సుమారు 13 కిలోమీటర్లు పోయేవి.

ఇక లెక్క చూడండి. ఒక సరుకు ఓడ ఎంత గట్టిగా నడిపినా గంటకు 15 కిలోమీటర్లే పోగలదనుకుందాం. అది ఒక గంట ఆగితే గుంపు 13 కిలోమీటర్లు ముందుకు పోతుంది. ఆ ఓడ మళ్ళీ బయలుదేరాక గంటకు 15-13=2 కిలోమీటర్ల చొప్పున మాత్రమే ఎడం తగ్గుతుంది. అంటే గుంపును అందుకోవడానికి ఆరున్నర గంటలు కావాలి! అంతసేపూ అది కాపలా లేని ఒంటరి ఓడ. పైగా కదిలే ఓడ మీద టార్పెడో గురిపెట్టాలంటే దాని వేగం, దిక్కు అంచనా వేయాలి. నిలిచిపోయిన ఓడకు ఆ అంచనాతో పనే లేదు. ఇరవైమందిని కాపాడబోయి మరో యాభైమందిని నీళ్ళపాలు చేసే ప్రమాదం ఉందన్నమాట.

సరే, టార్పెడో తగిలిన ఓడ సంగతేమిటి? తగిలిన ప్రతి ఓడా మునగదు. ఒకే రకం టార్పెడో తగిలినా ఇనుప ఖనిజం మోసే ఓడ ఒకటి రెండు నిమిషాల్లో మునిగిపోవచ్చు. చమురు ఓడ మాత్రం రోజుల తరబడి తేలవచ్చు. ఎందుకని?

ఆర్కిమెడిస్ సూత్రం మీకు తెలుసు. తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెడుతుంది. ఇనుప ఖనిజం చాలా బరువు. కొద్దిగా నింపేసరికే ఓడ మోయగల బరువు సరిపోతుంది. కాబట్టి సరుకు గదులలో చాలా భాగం ఖాళీగా, గాలితో ఉంటుంది. రంధ్రం పడగానే నీరు ఆ ఖాళీలోకి దూకుతుంది. ఓడ బరువు అమాంతం పెరిగిపోతుంది.

చమురు ఓడలో చోటంతా చిన్న చిన్న గదులుగా విడదీసి ఉంటుంది. ఆ గదుల నిండా చమురు ఉంటుంది గనుక నీరు చొరబడడానికి ఖాళీ లేదు. రంధ్రం నుంచి కొంత చమురు పోయి, దాని బదులు నీరు చేరినా, రెండింటి సాంద్రతలో తేడా కొంచెమే. సముద్రపు నీటి సాంద్రత సుమారు 1.03 అయితే చమురుది 0.8 నుంచి 0.9 వరకు. పైగా తేలికైన చమురు పైకే ఉంటుంది కాబట్టి, రంధ్రానికి పైన ఉన్న చమురు బయటికి పోదు.

దీన్ని మీరే చేసి చూడవచ్చు. చిన్న సీసాను అంచుదాకా వేరుశనగ నూనెతో నింపండి. మూతిని వేలితో మూసి, నీళ్ళ బకెట్లో తలకిందులుగా ముంచి వేలు తీయండి. నూనె సీసాలోనే నిలుస్తుంది. ఇప్పుడు సీసాను మెల్లగా పక్కకు వంచండి. ఏమవుతుందో చూసి, కారణం చెప్పండి.

1942 ఆగస్టులో మధ్యధరా సముద్రంలోని మాల్టా ద్వీపానికి బయలుదేరిన గుంపులో 'ఒహాయో' అనే చమురు ఓడ ఉంది. టార్పెడో దెబ్బకు దాని పక్కన సుమారు 7 మీటర్ల వెడల్పు రంధ్రం పడింది. ఆ తరువాత బాంబుల దాడిలో యంత్రాలు కూడా ఆగిపోయాయి. గుంపు దానికోసం ఆగలేదు. కొన్ని యుద్ధనౌకలు మాత్రం వెనక నిలిచాయి. చివరకు రెండు నౌకలు చెరొక పక్క చేరి, దెబ్బతిన్న మనిషిని భుజాలు పట్టి నడిపించినట్లు, దాన్ని ఆగస్టు 15న రేవుకు చేర్చాయి. బయలుదేరిన 14 సరుకు ఓడలలో గమ్యం చేరినవి 5 మాత్రమే. ఇలా లాక్కుపోవడం కుదరనప్పుడు, శత్రువు చేతికి చిక్కకుండా కాపలా నౌకలే తమ ఓడను ముంచివేయడమూ ఉండేది.

ఓడ పోతే ఇంకొకటి కట్టుకోవచ్చు. మరి మనుషులో? నీరు గాలికంటె సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. మన శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెంటిగ్రేడు. అది 35 డిగ్రీలకు దిగిందంటే ప్రమాదం మొదలైనట్లే. 5 డిగ్రీల నీళ్ళలో కొద్ది నిమిషాలకే వేళ్ళు మొద్దుబారుతాయి. తాడు అందించినా పట్టుకోలేరు.

1940 సెప్టెంబరు 17 రాత్రి 'సిటీ ఆఫ్ బెనారస్' ఓడ మునిగినప్పుడు జరిగింది ఇదే. యుద్ధ భయంతో కెనడాకు పంపుతున్న 90 మంది పిల్లలు అందులో ఉన్నారు. నియమం ప్రకారం మిగతా ఓడలు చెదిరి వెళ్ళిపోయాయి. యుద్ధనౌక వచ్చేసరికి మరునాటి మధ్యాహ్నం అయింది. 77 మంది పిల్లలు చనిపోయారు. ఆ ఓడ సిబ్బందిలో ఎక్కువమంది మన భారతీయులే. వారిలోనూ చాలామంది చలికి బలైపోయారు. ఆరుగురు బాలురు, కొందరు భారతీయ నావికులు ఉన్న ఒక పడవ ఎనిమిది రోజులు సముద్రంలో తిరిగాక విమానం కంటబడింది.

అప్పటికి "వరుసలో చివరి ఓడ వీలైతే ఆగి ఎక్కించుకోవాలి" అనే ఏర్పాటు ఉండేది. చివరి ఓడకూ ప్రాణభయమే కదా! అందుకని 1941 జనవరి నుంచి కాపాడడమే పనిగా కొన్ని ఓడలను గుంపు చివర నడపసాగారు. తీరం వెంట ప్రయాణీకులను చేరవేసే చిన్న ఓడలను ఇందుకు ఎంచుకున్నారు. వాటి అంచు నీటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి మనుషులను పైకి లాగడం తేలిక. అవి చురుకుగా తిరుగుతాయి. వాటిలో డాక్టరును, ఆపరేషన్ గదిని, వెచ్చని దుప్పట్లను సిద్ధం చేశారు. పట్టు దొరకని చేతులవారిని తోడి ఎత్తడానికి పెద్ద వలలు అమర్చారు. నావికుల రక్షణ కోట్లకు చిన్న ఎర్ర దీపాలు తగిలించారు, చీకట్లో కనబడాలని.

ఇప్పుడు మన లెక్క మళ్ళీ చేయండి. ఈ ఓడ వేగం గంటకు 20 కిలోమీటర్లు. గంటసేపు ఆగినా 13÷7, అంటే రెండు గంటల లోపే గుంపును కలుసుకుంటుంది. ప్రమాదం తగ్గింది గాని పోలేదు. 1943 ఫిబ్రవరిలో 'స్టాక్‌పోర్ట్' అనే రక్షక ఓడ కొందరిని కాపాడి, గుంపును అందుకోవడానికి ఒంటరిగా పరుగెత్తుతుండగా టార్పెడోకు గురైంది. కాపాడినవారు, కాపాడబడినవారు ఒక్కరూ మిగలలేదు.

అయినా తక్కిన ఓడలు ఆ పని మానలేదు. యుద్ధం ముగిసేలోగా సుమారు ముప్ఫై రక్షక ఓడలు కలిసి 4,000 మందికి పైగా ప్రాణాలు కాపాడాయి. మొదటి ప్రశ్నకు జవాబు ఇదే, బాలలూ! గుంపు ఆగనక్కరలేదు, మునిగేవారిని వదిలేయనక్కరలేదు. ఆగగలిగిన ఓడను ముందే సిద్ధం చేసి వెనక ఉంచాలి.

చివరిగా మీకొక లెక్క. రక్షక ఓడ మూడు గంటలు ఆగితే గుంపును అందుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఆ సమయంలో స్టాక్‌పోర్ట్ నావికుల మనసులో ఏముండి ఉంటుందో కూడా ఒక్క నిమిషం ఆలోచించండి.