ఆకులో రాసిన పేరు

చాక్లెట్ అంటే పిల్లలకు ప్రాణం. దాన్ని దేనితో చేస్తారో తెలుసా? కోకో గింజలతో చేస్తారు. గోదావరి జిల్లాల్లో కొబ్బరి చెట్ల నీడన కోకో వేస్తున్నారు. కాయలు పనసకాయల్లాగా మానుకే కాస్తాయి. కాయ కొట్టి, గింజ తీసి, పులియబెట్టి, ఎండబెడతారు.

కోకో పుట్టిల్లు మన దేశం కాదు. దక్షిణ అమెరికాలో అమెజాన్ అనే పెద్ద నది ఉంది. ఆ నది ఎగువ అడవుల్లో కోకో పుట్టింది. అక్కడ ఎన్నో రకాలున్నాయి. వాటిలో కొన్నే బయటి దేశాలకు చేరాయి.

అన్నీ ఒకే రకమైతే నష్టమేమిటి?

బ్రెజిల్ దేశంలో బాహియా అనే రాష్ట్రం ఉంది. అక్కడి కోకో చెట్లు చాలావరకు దగ్గరి చుట్టాలు. 1989లో అక్కడ చీపురు తెగులు కనబడింది. ఇది బూజు వల్ల వచ్చే తెగులు. కొమ్మలు చీపురుకట్టల్లా గుబురుగా మొలిచి ఎండిపోతాయి. కాయలు పాడైపోతాయి. ఒక చెట్టు తట్టుకోలేని తెగులును దాని చుట్టాలూ తట్టుకోలేకపోయాయి. పదేళ్ళలో పంట సగానికి పైగా పడిపోయింది. వేలమంది కూలీలకు పని పోయింది.

చెట్లనే దాచుకోవాలి

అందుకే రకరకాల కోకోను కాపాడుకోవాలి. వడ్లు, కందులు ఎండబెట్టి విత్తనానికి దాస్తాం. కోకో గింజ అలా కాదు. ఎండితే ఇక మొలవదు. కాబట్టి చెట్లనే తోటగా పెంచాలి.

ట్రినిడాడ్ అనే దీవిలో ఇలాంటి పెద్ద తోట ఉంది. వెస్టిండీస్ విశ్వవిద్యాలయం వారు దాన్ని చూసుకుంటున్నారు. అందులో సుమారు 2,400 రకాలున్నాయి. పౌండ్ అనే శాస్త్రవేత్త 1937, 1938లలో అమెజాన్ అడవులు తిరిగాడు. చీపురు తెగులును తట్టుకునే చెట్ల కోసం వెతికాడు. ఆయన తెచ్చిన రకాలు కూడా ఈ తోటలో ఉన్నాయి. మన దేశంలో కర్ణాటకలోని విట్టల్‌లో కోకో రకాలను సేకరించి పెంచుతున్నారు.

బోర్డు తప్పయితే?

తోటలో ప్రతి చెట్టుకూ ఒక పేరుంటుంది. ఆ పేరు తారుమారు కావచ్చు. రాసేటప్పుడు పొరపాటు జరగొచ్చు. బోర్డు ఊడిపోవచ్చు. ఒక్కోసారి అంటు కట్టిన కొమ్మ చచ్చిపోయి, అడుగు మొక్క చిగురు వేస్తుంది. బోర్డు మీద మాత్రం పాత పేరే ఉంటుంది! తెగులు తట్టుకునే రకం అనుకుని వేరే మొక్కను పంచితే, రైతు ఏళ్ళ తరబడి పడ్డ కష్టం వృథా.

మరి అసలు పేరు తెలిసేదెలా? అది ఆకులోనే ఉంది. ప్రతి జీవిలోనూ డీఎన్ఏ అనే సన్నని పోగు ఉంటుంది. సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుంది. అది ఒక పొడవాటి రాత లాంటిది. తెలుగు రాయడానికి మీరు 56 అక్షరాలు నేర్చుకున్నారు. డీఎన్ఏ రాతకు నాలుగే అక్షరాలు. వాటి వరస మారితే రకం మారుతుంది.

ఆ రాతంతా చదవనక్కర్లేదు. రకానికీ రకానికీ తేడా వచ్చే చోట్లు కొన్ని ఉంటాయి. వాటిని మార్కర్లు, అంటే గుర్తులు అంటారు. చిన్న ఆకు ముక్క తీసి, ప్రయోగశాలలో ఆ గుర్తులు చూస్తారు. ఒకే పేరున్న రెండు చెట్లకు గుర్తులు కలవలేదా? ఒక బోర్డు తప్పన్నమాట. పేర్లు వేరైనా గుర్తులన్నీ ఒకటేనా? ఒకే రకాన్ని రెండుసార్లు లెక్కపెట్టారన్నమాట. ట్రినిడాడ్ తోటలో ఇలాగే తప్పు పేర్లు బయటపడ్డాయి.

పూర్వం కోకోలో రెండే పెద్ద కుదుళ్ళు ఉన్నాయనేవారు. 2008లో శాస్త్రవేత్తలు 1,241 చెట్ల గుర్తులు పోల్చి చూశారు. మొత్తం 10 కుదుళ్ళు ఉన్నట్టు తేల్చారు.

దీనివల్ల లాభమేమిటి? దూరపు కుదుళ్ళ చెట్లను ఎంచి కలిపి కొత్త రకాలు తయారుచేయవచ్చు. తోటలో ఏ రకం లేదో తెలుసుకుని అడవి నుంచి తెచ్చుకోవచ్చు. అయితే గుర్తులు చూస్తే చాలదు. ఆ చెట్టు తెగులుకు నిలుస్తుందో లేదో తోటలో పెంచి చూడాల్సిందే.

చెప్పండి చూద్దాం

1. కోకో గింజను ఎండబెట్టి విత్తనానికి ఎందుకు దాచలేం?
2. బాహియాలో తెగులు అంత త్వరగా ఎందుకు పాకింది?
3. మీ ఊళ్ళో పూర్వం పండించి, ఇప్పుడు కనబడని విత్తనాలు ఏవి? పెద్దవాళ్ళను అడిగి, వాటి పేర్లు రాయండి.